కోర్టులో ‘అంట’ చెల్లదంట: వినికిడి సాక్ష్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల చుట్టూ ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న వకీలుని. క్లయింట్లు నన్ను అడిగేవి, అడగాల్సి ఉండి అడగనివి ఇక్కడ ఒకచోట పెట్టాను. తీర్పుల్లో ఉన్న కేసుల్ని పేరుతోనే చెప్పాను. మిగతా చోట్ల ఊళ్ళూ మనుషులూ ఎవరో తెలియకుండా మార్చాను. ఇది చదివి మీ కేసు మీరే వాదించుకోకండి, కాగితాలు పట్టుకుని మీ వకీలుగారి దగ్గరికి వెళ్ళండి.

వినికిడి సాక్ష్యం అంటే ఏమిటి?

ఒక సంగతి తాను చూడలేదు. చూసినవాడు చెప్పగా విన్నాడు. విన్నదాన్ని పట్టుకొచ్చి, ఆ సంగతి నిజంగా జరిగిందని రుజువు చెయ్యడానికి బోనెక్కాడు. అదీ వినికిడి సాక్ష్యం. ఇంగ్లీషులో హియర్‌సే అంటారు. తెలుగు పుస్తకాల్లో అనుశ్రుత సాక్ష్యం అని కూడా కనిపిస్తుంది గానీ, ఆ మాట కోర్టు వరండాలో ఎవరి నోటా నేను వినలేదు.

రొయ్యల చెరువు మీద మోటారు పోయిన కేసు ఒకటి ఉంది. రైతు బోనెక్కాడు.

“మోటారు ఎత్తుకెళ్ళడం మీరు చూశారా?”

“ఆయ్, చూసినట్టేనండి.”

“చూసినట్టే అంటే?”

“మా తోడల్లుడు చూశాడండి. ఆడు అబద్ధం ఆడే మనిషి కాదండి.”

“ఆయన్ని పిలిపించండి మరి.”

“మస్కట్లో ఉన్నాడండి.”

కోర్టంతా నవ్వింది. రైతు మాత్రం నవ్వలేదు. సొంత తోడల్లుడి మాట తన కంటితో సమానమని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఇంట్లో అది చెల్లుతుంది. కోర్టులో చెల్లదు. మస్కట్లో ఉన్న తోడల్లుణ్ణే వీడియో కాన్ఫరెన్సులో విచారించమని అడగొచ్చు. అలా విచారించే పద్ధతిని 2003లోనే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ పని చెయ్యకుండా ఆయన తరఫున మనం చెబుతామంటే కుదరదు.

అంటే చెవితో విన్నదేదీ పనికిరాదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కొత్త వకీళ్ళు కూడా పొరబడతారు. విన్నదంతా వినికిడి సాక్ష్యం కాదు.

“నీ అంతు చూస్తాను” అని పక్కింటాయన మీ ముఖం మీదే అన్నాడనుకోండి. ఆ బెదిరింపు ఒక సంఘటన. దాన్ని గ్రహించాల్సింది చెవితోనే. విన్నవాళ్ళు మీరు. కాబట్టి మీది ప్రత్యక్ష సాక్ష్యం. అదే బెదిరింపు గురించి మీ బావమరిది వచ్చి “మా బావతో ఇలా అన్నాడంటండి” అంటే అది వినికిడి. మాట ఒకటే, చెప్పే నోరు మారింది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఎవరో అన్న మాటని, అది నిజమని చెప్పడానికి కాక, ఆ మాట అన్నారని చెప్పడానికే తెస్తే అది వినికిడి కాదు. మలయా (నేటి మలేషియాలో భాగం) నుంచి వెళ్ళిన సుబ్రమణియం కేసులో 1956లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ పాలనలోని దేశాలకి లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, ఈ తేడాని తేల్చింది. తూటాలతో దొరికిన మనిషి, తీవ్రవాదులు తనని పట్టుకుని బెదిరించారని చెప్పుకున్నాడు. వాళ్ళేమన్నారో చెప్పనివ్వకపోవడం తప్పని కౌన్సిల్ అంది. ఆ బెదిరింపులు నిజంగా అమలుచేసేవారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. అవి విన్న మనిషి భయపడ్డాడా లేదా అన్నదే ప్రశ్న.

ఇది ఏ చట్టంలో ఉంది?

1872 నాటి భారత సాక్ష్య చట్టం 60వ సెక్షన్‌లో ఉండేది. ఆ చట్టం ముసాయిదా రాసింది ఇంగ్లీషు న్యాయనిపుణుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం, 2023 వచ్చింది. ఇప్పుడది 55వ సెక్షన్. నంబరు మారింది, సరుకు మారలేదు. నోటి సాక్ష్యం ఎప్పుడైనా ప్రత్యక్షంగా ఉండాలి. చూడదగ్గదైతే చూసినవాడు, వినదగ్గదైతే విన్నవాడు, వాసన లాంటిదైతే ఆ వాసన పట్టినవాడు చెప్పాలి. చిత్రమేమిటంటే ఆ సెక్షన్‌లో ‘హియర్‌సే’ అన్న మాటే ఉండదు. వినికిడి వద్దని చెప్పకుండా, చూసినవాణ్ణి తీసుకురమ్మని మాత్రం చెప్పి ఊరుకుంది.

మంచి మనిషి, ఊరంతా నమ్మే మనిషి చెప్పింది కూడా ఎందుకు కాదంటారు?

ఆయన మంచితనం గురించి ఎవరికీ పేచీ లేదు. ఆయన బోనులో లేడు, అదే చిక్కు. ప్రమాణం చెయ్యలేదు. మాట్లాడేటప్పుడు ఆయన ముఖం జడ్జిగారు చూడలేదు. అన్నిటికంటే పెద్ద లోటు, అవతలి వకీలు క్రాస్ చెయ్యడానికి, అంటే ఎదురు ప్రశ్నలు వెయ్యడానికి, ఆయన దొరకడు. “అప్పుడు వెలుతురెంత? మీరెంత దూరంలో ఉన్నారు? మీకు వాళ్ళతో గట్టు తగాదా లేదా?” అని ఎవర్ని అడగాలి? మిమ్మల్ని అడిగితే “నాకు తెలియదండి, ఆయన చెప్పింది ఇదే” అంటారు. అక్కడితో క్రాస్ ఆగిపోతుంది.

పైగా మాట చేతులు మారేకొద్దీ అరుగుతుంది, లేదా ఊరుతుంది. అరిగితే మేలే. సాధారణంగా ఊరుతుంది.

తెలుగులో ‘అట’, ‘అంట’ అన్నవి వినికిడికి గుర్తులేనా?

అవును. వకీలుగా కంటే తెలుగువాడిగా నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. “వచ్చాడు” అంటే పూచీ నాది. “వచ్చాడట” అంటే పూచీ నాది కాదు. క్రియ చివర ఇంత చిన్న ముక్క తగిలించి బాధ్యత దులుపుకునే సదుపాయం మన భాషలో ఉంది. రాతలో ‘అట’ అంటాం. గోదావరి జిల్లాల నోట్లో అది ‘అంట’. మర్యాదగా చెప్పాలంటే ‘అంటండి’.

దీని వాడకాలు చూడండి. కథ చెప్పేటప్పుడు “ఒక రాజు ఉన్నాడట” అంటాం. ఆ రాజుకి పూచీ ఎవరు పడతారు? కబురు మోసేటప్పుడు “నువ్వు సాయంత్రం రావాలంట” అంటాం, అంటే పిలిచింది నేను కాదు. గొంతు కాస్త సాగదీస్తే అదే ముక్క వెటకారమవుతుంది. “దాళ్వాలో ఎకరాకి డెబ్భై బస్తాలు పండించాడంటా!” అన్నారంటే, విన్నాను గానీ నమ్మలేదని. “నేను దొంగనంట!” అంటే కోపం. ఇన్ని పనులు చేసే ముక్కకి ఒక్క పని మాత్రం చేతకాదు. ఎవరన్నారో చెప్పదు.

ఆ పని ‘అని’ చేస్తుంది. “గట్టుకి గండి పడిందని లస్కరు చెప్పాడు” అంటే మాటకి చిరునామా ఉంది. వెళ్ళి లస్కరుని, అంటే కాలవ కాపలాదారుని, అడగొచ్చు. “గండి పడిందంట” అంటే ఎవర్ని అడగాలి? గట్టిగా నిలదీస్తే “అందరూ అనుకుంటున్నారండి” అన్న జవాబు వస్తుంది. మా సీనియర్‌గారు ఇలాంటి క్లయింటుతో “ఆ అందరిలో ఒక్కణ్ణి తీసుకురా” అనేవారు. చాలాసార్లు ఆ ఒక్కడూ దొరికేవాడు కాదు.

“వచ్చినట్టుంది”, “వచ్చాడు కాబోలు” అన్నవి వేరు. అవి వినికిడి కాదు, సొంత ఊహ. కోర్టుకి అవీ అక్కర్లేదు గానీ కారణం వేరు.

సాక్షి తెలుగులో చెబుతాడు, రికార్డు ఇంగ్లీషులోకి వెళ్తుంది. అప్పుడు ఆ ‘అంట’ ఏమవుతుంది?

ఒక్కోసారి దారిలో జారిపోతుంది. సాక్షి మాట్లాడుతుంటే జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతారు, టైపు అవుతుంది. హడావిడిలో ఆ ముక్క రాలిపోవడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు.

నాకు జరిగిందే చెబుతాను. కొట్లాట కేసు, నేను నిందితుల తరఫు. సాక్షి “ముందురోజే ఆళ్ళు కర్రలు తెచ్చి పాకలో దాచుకున్నారంటండి” అన్నాడు. నేను తల వంచుకుని ఫైలు తిరగేస్తున్నాను. సాయంత్రం కాపీ చూస్తే, నిందితులు ముందురోజు కర్రలు తెచ్చి దాచారు అని నిఖార్సుగా ఉంది. దాన్నిబట్టి అది ముందే వేసుకున్న పథకం అయిపోతుంది. నా ప్రాణం చల్లబడిపోయింది. తప్పు నాదే, వినాల్సిన చోట వినలేదు. అదృష్టం కొద్దీ క్రాస్ మర్నాటికి మిగిలింది. “పాకలో కర్రలు మీరు చూశారా?” అని అడిగాను. “లేదండి, పాలు పోసే కుర్రాడు చెప్పాడండి” అన్నాడు. ఆ ముక్క మళ్ళీ రికార్డుకెక్కింది. అప్పట్నుంచి సాక్షి మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు అతని నోటి మీదే ఉంటాయి.

సాక్షులకో మాట. మీ వాంగ్మూలం చదివి వినిపించినప్పుడు తలూపేసి సంతకం పెట్టకండి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు పడిందో లేదో అడిగి తెలుసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పే హక్కు మీకుంది.

మా తాతగారు చెప్పిన మాట కూడా చెల్లదా? ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది.

దేని గురించి చెప్పారు?

డెల్టాలో భూమి తగాదాల్లో సగం తాతల మాటల మీదే నడుస్తాయి. సర్వే రాయి కాలవగట్టులో కలిసిపోయి ఉంటుంది. 1984లో కరణాల వ్యవస్థ పోయాక, ఆ లెక్కలన్నీ నోటికి తెలిసిన మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అందుకే ఈ ప్రశ్నకి కాస్త వివరంగా చెప్పాలి.

చనిపోయినవాళ్ళ మాటల్లో కొన్నింటిని చట్టం లోపలికి రానిస్తుంది. పాత చట్టంలో 32వ సెక్షన్, ఇప్పుడు 26. వాటిలో ఒకటి ఊరుమ్మడి హక్కుల గురించి. మీ పొలం పక్కనుంచి పుంత ఉందనుకోండి. అది ఊరందరిదీ, బళ్ళు తోలుకునే దారి అని మీ తాతగారు అనేవారు. తగాదా మొదలవకముందు అన్న మాటైతే, ఆ సంగతి తెలిసే అవకాశం ఆయనకి ఉంటే, ఆ మాట కోర్టు వింటుంది. చట్టం కింద ఇచ్చిన ఉదాహరణల్లో సరిగ్గా ఇలాంటిదే ఉంది. చనిపోయిన గ్రామ పెద్ద ఒక దారి అందరిదీ అన్నాడు, ఆ మాట సాక్ష్యానికి పనికొస్తుంది. లండన్ నుంచి వచ్చిన స్టీఫెన్ రాసినా, మన పుంతని చూసి రాసినట్టే ఉంటుంది.

ఇప్పుడు అదే తాతగారు “ఆ గట్టుమీద మూడో కొబ్బరిచెట్టు మనదే” అన్నారు. ఇది చెల్లదు. ఆ చెట్టు ఊరుమ్మడిది కాదు, రెండిళ్ళ మధ్య సొంత వ్యవహారం. చెట్టు కాయలకి ఆశపడేది ఆయనే కాబట్టి, ఆయన మాటని ఆయనకే సాక్ష్యంగా వాడలేం. ఒకే మనిషి, ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే పూట అన్న రెండు మాటలు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. క్లయింట్లు ఇది ఒక పట్టాన ఒప్పుకోరు. “అంటే మా తాత సగం నిజం, సగం అబద్ధమాండి?” అని ఒకాయన నామీద అలిగి, వకాల్తా కాగితం వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

తాతగారు తన నష్టానికి తానే ఏదైనా ఒప్పుకుని ఉంటే, ఉదాహరణకి “ఆ లంక భూమి మనది కాదురా, కౌలుకి చేస్తున్నాం” అని ఉంటే, అది వేరే మెట్టు. తన జేబుకి చిల్లు పడే మాట మనిషి ఊరికే అనడని చట్టం నమ్మకం. కాబట్టి రానిస్తుంది. అది మీకు పనికొస్తుందా, అవతలివాడికా అన్నది వేరే సంగతి. బంధుత్వం గురించి, అంటే ఫలానాయన దత్తుడు, ఫలానా ఆవిడ రెండో భార్య అని, ఆ సంగతి దగ్గరగా తెలిసిన పెద్దలు తగాదాకి ముందు అన్న మాటలు కూడా చెల్లుతాయి. వారసత్వం కేసుల్లో ముసలమ్మల మాటకి ఉండే విలువ ఇక్కడే.

మరణ వాంగ్మూలం మాత్రం ఎందుకు ఒప్పుకుంటారు?

చెప్పగలిగిన మనిషే లేకుండా పోయాడు కాబట్టి. చంపినవాడు సాక్షిని కూడా చంపేశాడు. ఆ మనిషి మాట కూడా వద్దంటే హంతకుడికి లాభం మీద లాభం.

చావు దగ్గరపడిందని తెలిసి చెప్పిన మాటే కావాలని ఇంగ్లండులో పూర్వం నియమం ఉండేది. మనకి అది లేదు. తన చావుకి కారణం గురించి గానీ, చావుకి దారితీసిన పరిస్థితుల గురించి గానీ ఆ మనిషి ఏం చెప్పినా, అప్పుడు చావు గురించి తలపైనా లేకపోయినా సరే, పనికొస్తుంది. దేశమంతా దీనికి చదువుకునే కేసు మన పక్కనే, పిఠాపురంలో మొదలైంది. చాలామంది గోదావరి జిల్లా వకీళ్ళకే ఈ సంగతి తట్టదు.

1937 మార్చి. పిఠాపురం దివాను కొలువులో ఒక బంట్రోతు. అప్పు ఇచ్చిన డబ్బు రావాల్సి ఉంది. బరంపురం నుంచి ఉత్తరం వచ్చింది. బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని, తర్వాత నిందితుడైనవాడి భార్య రమ్మని రాసిందని, ఇంట్లో భార్యతో చెప్పి రైలెక్కాడు. మార్చి 23న పూరీ స్టేషన్‌లో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనప ట్రంకు పెట్టె దొరికింది. అందులో అతని శవం ముక్కలుగా ఉంది. భార్యతో అన్న ఆ మాట సాక్ష్యమా కాదా అన్నది లండన్ దాకా వెళ్ళింది. అప్పటికి అతనికేమీ కాలేదు, చస్తానన్న అనుమానం కూడా లేదు కాబట్టి ఆ మాట కుదరదని నిందితుడి తరఫు వాదన. 1939లో ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఎక్కడికి, ఎవరి పిలుపు మీద వెళ్తున్నాడో చెప్పిన మాట, చావుకి దారితీసిన పరిస్థితుల్లో భాగమేనంది. పాకాల నారాయణ స్వామి కేసు అంటే ఇదే. ప్రయాణానికి ముందు మగవాడు ఇంట్లో భార్యతో చెప్పిన ఒక్క ముక్క. ఎనభై ఏళ్ళు దాటినా వకీళ్ళు దాన్ని చదువుతూనే ఉన్నారు.

ఇక మామూలుగా తలెత్తే సందేహాలు. మరణ వాంగ్మూలం నోటితో చెప్పొచ్చు, రాసివ్వొచ్చు, మాట రాకపోతే సైగలతోనూ చెప్పొచ్చు. ఎక్కువగా ఆసుపత్రిలో మేజిస్ట్రేటు వచ్చి రాస్తారు. స్పృహలో ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే చెల్లదా అని అడుగుతారు. 2002లో లక్ష్మణ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాసుకున్నవారికి నమ్మకం కుదిరితే అది లేకపోయినా ఫరవాలేదంది. అది నమ్మదగ్గదిగా ఉంటే వేరే సాక్ష్యం లేకుండా దాని మీదే శిక్ష వెయ్యొచ్చని 1957లో ఖుషాల్ రావు కేసు.

వాంగ్మూలం ఇచ్చిన మనిషి బతికితే?

సంతోషమే. కానీ అది మరణ వాంగ్మూలం కాకుండా పోతుంది. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బతికినవాళ్ళు మేజిస్ట్రేటుకి చెప్పింది ఆ సెక్షన్ కింద చెల్లదు. వాళ్ళే కోర్టుకొచ్చి చెప్పాలి. పాత వాంగ్మూలం ఆ చెప్పినదానికి బలంగా మాత్రం వాడొచ్చు.

గొడవ జరుగుతుండగా అరిచిన మాట?

అది సంఘటనలో భాగంగానే లెక్క. “చంపేస్తున్నాడ్రా బాబోయ్” అన్న కేక విని పరిగెత్తుకొచ్చినవాడు, ఆ కేక గురించి చెప్పొచ్చు. కొత్త చట్టంలో ఇది 4వ సెక్షన్. అయితే కేకకీ కబురుకీ మధ్య సందు పెద్దదవకూడదు. వాసా చంద్రశేఖరరావు కేసులో నిందితుడి తండ్రి ఫోన్ చేసి, నా కొడుకు భార్యనీ కూతుర్నీ చంపేశాడని వియ్యంకుడికి చెప్పాడు. ఆ ఫోను ఘటన జరిగిన సమయానికో, వెంటనేనో వచ్చిందని తేలలేదు. కాబట్టి 2000లో సుప్రీంకోర్టు దాన్ని వినికిడి కిందే లెక్కగట్టింది. ఊపిరి అందనప్పుడు అన్నది వేరు, కాఫీ తాగి ఫోను తీసి అన్నది వేరు.

నిందితుడే నా దగ్గర ఒప్పుకున్నాడు. నేను చెప్తే చెల్లుతుందా?

చెల్లుతుంది, మీరు పోలీసు కాకపోతే. నమ్మాలా వద్దా అన్నది తర్వాత సంగతి. “నాకే ఎందుకు చెప్పాడు?” అని క్రాస్‌లో అడుగుతారు, దానికి జవాబు తయారుగా ఉంచుకోండి.

పేపర్లో పడింది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

పేపర్లో పడిందని రుజువవుతుంది, జరిగిందని కాదు. పత్రికా వార్త వినికిడేనని 1988లో లక్ష్మీరాజ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాసిన విలేకరి కళ్ళారా చూస్తే, ఆయన్నే సాక్షిగా పిలవాలి. కటింగు లామినేషన్ చేయించి తెచ్చేవాళ్ళున్నారు. ఆ యాభై రూపాయలు మిగుల్చుకోండి.

వాట్సాప్ మెసేజ్, వాయిస్ రికార్డింగు?

రెండు గడపలు దాటాలి. మొదటిది, అది ఆ ఫోన్లోంచి వచ్చిందని, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని చూపే సర్టిఫికెట్. పాత చట్టంలో 65బి, కొత్తలో 63. ఈ సర్టిఫికెట్ తప్పనిసరని 2014లో అన్వర్ కేసూ, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసూ గట్టిగా చెప్పాయి. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్‌కి నిపుణుడు నింపాల్సిన భాగం కూడా చేరింది. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తెచ్చి బల్ల మీద పెడితే లాభం లేదు.

రెండో గడప జనానికి కనపడదు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అందులోని మాట నిజమైపోదు. అవతలివాడు మీకు పెట్టిన మెసేజ్‌లో తన బాకీ ఒప్పుకుంటే అది వాడి సొంత మాట, బాగా పనికొస్తుంది. “మా బావ చెప్పాడు, నీ పొలం వేరేవాళ్ళకి అగ్రిమెంటు రాశారంట” అని మూడోవాడు పెట్టిన మెసేజ్‌కి ఎన్ని ముద్రలున్నా, లోపలున్నది ఆ ‘అంట’ మాత్రమే.

శాఖాపరమైన విచారణలో, ఊరి పెద్దమనుషుల ముందు కూడా ఇదే నియమమా?

కాదు. అక్కడ సాక్ష్య చట్టం ఉన్నదున్నట్టు అమలవదు. 1977లో రతన్ సింగ్ కేసు ఒక బస్సు కండక్టరుది. టికెట్ లేని ప్రయాణికుల్ని పిలిచి విచారించలేదని ఆయన అభ్యంతరం. సంగతితో సంబంధం, నమ్మదగిన లక్షణం ఉంటే శాఖా విచారణలో వినికిడి కూడా చాలునని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగులు ఇది గుర్తుంచుకోవాలి. ‘హియర్‌సే అండీ’ అని కొట్టిపారేస్తే ఉద్యోగం పోతుంది. పెద్దమనుషుల తగాదాలో అయితే ఎవరి గొంతు పెద్దదైతే వాడిదే సాక్ష్యం, దాని గురించి నేనేం చెప్పను.

వరదల్లో, రేట్ల విషయంలో వచ్చే ‘అంట’ల్ని ఎలా చూడాలి?

1986 ఆగస్టు వరద. నాకు పదకొండేళ్ళు. మా ఊరు గోదావరి పాయ వైనతేయ ఒడ్డున. మధ్యాహ్నం బడి లేదు, రావిచెట్టు కింద నలుగురు మాట్లాడుకుంటున్నారు. “ఎగువన గండి పడిందంట” అన్నాడొకాయన. నేను ఇంటికి పరుగు. గుమ్మం దగ్గర అరిచింది “అమ్మా, గండి పడింది!” అని. మధ్యలో రెండొందల గజాల పరుగులో ఆ ‘అంట’ ఎక్కడో జారిపోయింది.

అమ్మ అడిగింది ఒక్కటే. “నువ్వు చూశావా?”

అప్పటి 60వ సెక్షన్ మా అమ్మకి తెలియదు, నాకూ తెలియదు. చూశానని చెప్పాను. పదకొండేళ్ళవాడికి ఆ క్షణాన విన్నానని చెప్పడం చిన్నతనంగా అనిపించింది. అమ్మ గేదె పలుపు కోసేసింది, బియ్యం డబ్బా అటకెక్కించింది, మామ్మని పక్కింటి వాళ్ళ సైకిలు మీద కూర్చోబెట్టి సెంటర్‌కి పంపింది. సాయంత్రానికి తేలిందేమిటంటే, గట్టులో ఎలకబొక్కలోంచి నీరు ఊరుతుంటే ఇసక బస్తాలు వేసి మూసేశారు. మామ్మ తిరిగొచ్చింది. గేదె మూడోరోజున పక్కూరి బందెలదొడ్డిలో దొరికింది, దానికి కట్టిన డబ్బుల సంగతి నాన్న చాలా ఏళ్ళు ఎత్తిపొడిచాడు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు అని ఊళ్ళో మా ఇంటికి కొన్నాళ్ళు పేరు.

ఇప్పుడు అలా పరిగెత్తక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంకె చెప్పకుండా “నీళ్ళు వచ్చేస్తున్నాయంట” అన్నవాణ్ణి, ఎన్ని అడుగులుందని అడగండి. తెలియదంటే ఆ మాట అక్కడే వదిలెయ్యండి. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేసి గానీ, వ్యాపింపజేసి గానీ జనాన్ని కంగారు పెడితే విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలో, జరిమానాయో పడొచ్చు.

రొయ్యల రేటు విషయంలో పద్ధతి వేరు, నష్టం ఒకటే. “రేపట్నుంచి రేటు పడిపోతుందంట” అన్న ముక్క సాయంత్రం టీ కొట్టు దగ్గర పుడుతుంది. తెల్లారేసరికి వంద కౌంటుకే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, రొయ్యలు పట్టించేసినవాళ్ళుంటారు. ఆ ముక్క పుట్టించినవాడు కొనేవాడా, అమ్మేవాడా అని ఎవరూ అడగరు.

ఎవరో అన్నది నేను మళ్ళీ అన్నాను. పరువు నష్టం నా మీద వేస్తారా?

వెయ్యొచ్చు. ‘వాళ్ళన్నారు, నేనన్నాను’ అన్నది మంచి జవాబు కాదు. మోసినవాడు కూడా ప్రచురించినట్టే. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ‘అంట’ తగిలించినంత మాత్రాన మన తల మీదనుంచి పోదు. వాక్యంలో పూచీ దులుపుకోవచ్చు గానీ, సమన్లు వస్తే దులుపుకోలేం.

నాకు సాక్షి సమన్లు వచ్చాయి. నేను చూడలేదు, విన్నాను. ఏం చెయ్యాలి?

వెళ్ళండి, వెళ్ళకపోతే అది ఇంకో తలనొప్పి. మిమ్మల్ని పిలిచిన వకీలుకి ముందే చెప్పండి, చూసింది ఇంత, విన్నది ఇంత, ఎవరి నోట విన్నానో ఇదీ అని. చూసినవాళ్ళ పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ తెలిస్తే ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. మీరిచ్చే ఆ చీటీ ఒక్కోసారి మీ సాక్ష్యం కంటే ఎక్కువ పనికొస్తుంది. బోనులో మాత్రం చీటీ చూసి చదవకండి. “చూశారా?” అంటే “లేదండి, ఫలానాయన చెప్పగా విన్నాను” అనండి. అవతలి వకీలు ఇంక నిలదియ్యడానికి పెద్దగా ఏమీ మిగలదు. సాధారణంగా పది నిమిషాల్లో దించేస్తారు. బత్తా కోసం, అంటే సాక్షికి వచ్చే దారిఖర్చుల కోసం, బస్సు టికెట్ దాచుకోండి.